ప్రార్థన చేసి పడుకున్నా మనసు కుదుటపడకపోతే

రాత్రి గంటసేపు ప్రార్థన, బైబిల్లో మూడు అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం, అయినా పడుకోగానే అదే దిగులు అని మీరు అన్నారు. విశ్వాసం తక్కువై కాదు. లోపలున్న ఫిర్యాదు దేవునితో అనకుండా నేరుగా స్తోత్రంలోకి వెళ్లిపోతుంటే ఇలాగే ఉంటుంది. అనని మాట లైటు ఆర్పాక తిరిగొస్తుంది.

13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు.

1. 1, 2 వచనాలు: "ఎన్నాళ్లు?" అన్న నిలదీత. ఎక్కువమంది దాటేసేది ఇదే, దేవుణ్ణి అలా అడగొచ్చా అన్న భయంతో. కీర్తనకారుడు అడిగాడు, పైగా దాన్ని ఆరాధనలో పాటలు నడిపించే ప్రధానగాయకుడి చేతికిచ్చాడు! ఇక్కడ ఆగి మీ సంగతి విడమరచి చెప్పండి. "నా భారం తీసుకో ప్రభువా" చాలదు. "నెలాఖరుకి వాయిదా కట్టలేను, అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదు, నువ్వూ పలకట్లేదు" అనాలి. ఇంట్లో మాట్లాడే భాషే చాలు.

2. 3, 4: మనవి. మీరు ఒక్కటే అడగండి, పది కాదు.

3. 5, 6: నమ్మిక. మనసుకు ఏమీ అనిపించకపోయినా పైకి చదవండి. పరిస్థితి మారిందని ఆ కీర్తనలో ఎక్కడా లేదు.

పావుగంట సరిపోతుంది. అధ్యాయాలు పొద్దుటికి మార్చుకోండి.

నిద్ర లేని వారం ఉపవాసం వద్దు. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తిని, తాగి మళ్లీ పడుకున్నాడు.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. ఏలీయాలా చావే మేలనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పి.