నాయన ట్రాక్టరును బాగు చేయాలా, కిరాయికే పోవాలా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గరి గ్రామం. నాలుగెకరాల బత్తాయి తోట, రెండెకరాల వరి పొలం ఉన్నాయి. మా నాయన 1996లో తోట కోసం కొన్న మిత్సుబిషి శక్తి చిన్న ట్రాక్టరు ఏడేళ్లుగా కొట్టంలో పడి ఉంది. నాయన రెండేళ్ల క్రితం కాలం చేశారు. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లెలు ఉన్నాం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి మిర్యాలగూడలో పనిచేస్తున్న తమ్ముడు, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి కలిసి ఆదివారాల్లో దాన్ని ఇంటి దగ్గరే బాగు చేద్దామంటున్నారు. బయట షెడ్డులో అడిగితే టైర్లతో సహా 1,65,000 రూపాయలు అవుతుందన్నారు. అందులో కూలీ 45,000. పాత ఇనుము వ్యాపారి 38,000 ఇస్తానంటున్నాడు. తోట దున్నకానికి గంటకు 800 చొప్పున ఏటా 28,000 కిరాయి కడుతున్నాం. కొత్త చిన్న ట్రాక్టరు 3,40,000 చెబుతున్నారు. బ్యాంకులో 2,10,000 ఎఫ్‌డీ ఉంది కానీ అది వచ్చే జూన్‌లో అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకు దాచింది. ఎఫ్‌డీ తీయాలా, రెండు రూపాయల మిత్తికి తేవాలా? పాతబడే కొద్దీ దీనికి ధర పెరుగుతుందని తమ్ముడి మాట.

జవాబు: మీరు అడిగింది డబ్బు ఎక్కడి నుండి తేవాలని. కానీ ఎంత వరకు పెట్టవచ్చో తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సరికాదు కనుక ముందు ఆ లెక్క చూద్దాం.

ట్రాక్టరు బాగుపడితే ఏటా 28,000 మిగులుతుందని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అంత మిగలదు. గంటకు 800 చొప్పున 28,000 అంటే 35 గంటల పని. కిరాయి బండిలో డీజిల్ వారిదే, సొంత బండిలో మీది. 18.5 హార్స్ పవర్ల ఈ చిన్న ఇంజను తోట పనిలో గంటకు సుమారు రెండు లీటర్లు తాగుతుందనుకుంటే ఏడాదికి 7,000 రూపాయల దాకా డీజిలుకే పోతాయి. బీమా, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, ముప్పై ఏళ్ల బండి కనుక తప్పని చిల్లర మరమ్మతులు కలిపి మరో 10,000 వేసుకోండి. అప్పుడు మీకు నిజంగా మిగిలేది ఏటా 11,000 మాత్రమే.

ఆ లెక్కన 1,65,000 పెడితే అది తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అదే సొమ్ము ఆరున్నర శాతం ఎఫ్‌డీలో కదలకుండా ఉంటే ఏటా 10,700 పైగా వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది. ఇక రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 1,65,000 మీద మిత్తే 39,600 అవుతుంది. కిరాయి 28,000 తప్పించుకోవడానికి 39,600 మిత్తి కట్టడమనే ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. ఈ మిగులు చూసి 3,40,000 పెట్టి కొత్త బండి కొనడం కూడా కుదరదు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుండి 5 శాతానికి, ట్రాక్టరు టైర్ల మీద 18 నుండి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా నాలుగెకరాల తోటకు ఆ పెట్టుబడి ఎక్కువే.

కిరాయి బండి సమయానికి దొరకదని, వాన పడ్డ తర్వాత పదును ఆరిపోతుందని మీరు అనవచ్చు. వేరుశనగో పత్తో విత్తే రైతుకు ఆ బాధ పెద్దది; బత్తాయి చెట్ల మధ్య అంతర సేద్యం రెండు మూడు రోజులు ఆగినా పెద్ద నష్టం ఉండదు. కిరాయికి వచ్చే పెద్ద ట్రాక్టరు చెట్ల కొమ్మలు విరుస్తుందని అంటే మాత్రం, ఆ కారణం నాకు బరువుగానే కనిపిస్తుంది. కనుక బండిని బాగు చేయవద్దని నేను అనడం లేదు. ఖర్చుకు హద్దును షెడ్డువారి అంచనా నుండి కాక మీ మిగులు నుండి కట్టమంటున్నాను. అయిదారేళ్లలో పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే, ఏటా 11,000 చొప్పున ఆ హద్దు 60,000 దగ్గర ఆగుతుంది. తమ్ముడి చేతి పనితో కూలీ 45,000 మిగిలినా ఇంకా 1,20,000 ఉంటుంది కనుక, ఆ అంచనాలో సగం వస్తువులు అవసరం లేవని తేలితేనే ఈ పని సాగాలి.

తేల్చుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. ఏడేళ్లు నిలిచిన ఇంజనుకు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టవద్దని మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. ఇంజెక్టర్లు విప్పి, మూడు సిలిండర్లలోనూ నూనె పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి చూడమనండి. పాత డీజిలు, పాత ఆయిలు దించేయండి. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే లోపల నీరు కలిసినట్టు. అది గ్యాస్కెట్ మారిస్తే పోయేదా, బ్లాకు (సిలిండర్లుండే ఇంజను దిమ్మ) పగులా అన్నది హెడ్డు (దాని పైమూత) విప్పితే గాని తెలియదు. హెడ్డు విప్పాక లేత్ వర్క్స్‌లో బోరు (సిలిండరు లోపలి వెడల్పు) కొలిపించండి. బ్లాకు పగిలి ఉంటే అక్కడే ఆపండి. అప్పటికి మీకు పోయేది రెండు మూడు వేలు. బోరు బాగుంటే రింగులు, నాజిళ్లు, క్లచ్ ప్లేటు, రబ్బరు గొట్టాల వరకు చేసి నడిపించి, హైడ్రాలిక్ లిఫ్టు గట్టిగా పట్టిన తర్వాతే టైర్ల గురించి ఆలోచించండి. రంగు ఆఖరున. చాలా ఇళ్లలో రంగుతో మొదలుపెడతారు, ఎందుకంటే పిల్లలకు అదే సరదా. ఇంజను దించవలసి వస్తే చైన్ పుల్లీ అద్దెకు తెచ్చుకోండి, ఆ అద్దె దగ్గర పొదుపు చూడకండి. మీ అబ్బాయి వేళ్ల కన్నా అది ఎక్కువ కాదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, మీరు అడగనిది, ఆ బండి ఎవరిదన్నది. ఆర్‌సీ మీ నాయన పేరునే ఉందనుకుంటాను. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం అది మీ అమ్మకు, మీకు, తమ్ముడికి, చెల్లెలికి సమానంగా చెందుతుంది. అంటే పాత ఇనుము ధర 38,000లో మీ వాటా 9,500. మీ డబ్బు, తమ్ముడి ఆదివారాలు నలుగురి ఆస్తిలో పోస్తున్నారు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు ఇలాగే ఒక పాత బండిని లేపారు. మూడో ఏడాది అమ్మకం దగ్గర డబ్బు పెట్టినవాడికీ చేతులు పెట్టినవాడికీ లెక్క కుదరక మాటలు ఆగిపోయాయి. కనుక మొదటి బోల్టు విప్పకముందే ఒక పుస్తకం తెరిచి, మీరు పెట్టే సొమ్ము, తమ్ముడు పనిచేసిన గంటలు, గంటకు ఒప్పుకున్న విలువ రాయండి. చెల్లెలి దగ్గరికి వెళ్లి విషయం చెప్పి, బండి ఎవరి పేరుకు మారాలో నలుగురూ సంతకాలు చేయండి.

యజమాని మరణించిన మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలన్నది నియమం. మీకు ఆ గడువు దాటింది. పైగా రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. నల్లగొండ రవాణా కార్యాలయంలో బకాయిలు, ఆలస్య రుసుము కలిపి ఎంతవుతుందో ముందే అడిగి, ఆ మొత్తాన్ని 60,000 లోపలే చూపండి. బండి ఇంటి నుండి తోటకు రోడ్డు మీదుగానే వెళ్తుంది కనుక థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది లేకుండా ప్రమాదం జరిగితే పరిహారం ఆస్తులమ్మి కట్టవలసి వస్తుంది. పక్క రైతులకు కిరాయికి తిప్పాలనుకుంటే ఆ వాడకానికి పాలసీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ధర పెరుగుతుందన్న తమ్ముడి మాటను లెక్కలోకి తీసుకోకండి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు సంబంధించినవి. 1996 నాటి తోట ట్రాక్టరు ఆ లెక్కలోకి రాదు.

ఇక సొమ్ము. ఎఫ్‌డీని తాకకండి, జూన్ ఎంతో దూరంలో లేదు. మీకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే, దాని పరిమితి కట్టేటప్పుడు పంట ఖర్చుకు అదనంగా 20 శాతం వ్యవసాయ పనిముట్ల మరమ్మతు కోసమే కలుపుతారన్న సంగతి చాలామంది రైతులకు తెలియదు. మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. 60,000 మీద ఏడాదికి 2,400. బయట అదే సొమ్ముకు 14,400. మీ పరిమితిలో ఎంత ఖాళీ ఉందో బ్యాంకులో అడగండి. బత్తాయి కాపు సొమ్ము చేతికి వచ్చే నెలకు ముందు రెండు నెలల్లో వాడుకుని, ఆ సొమ్ముతో తీర్చేస్తేనే ఈ దారి పనికొస్తుంది. కార్డు నిండిపోయి ఉంటే ఈ ఏడాది హెడ్డు విప్పి చూడడం వరకే చేసి, మిగతా పని వచ్చే కాపుకు వాయిదా వేయండి. లేత్ వర్క్స్‌వారు ఇచ్చే బోరు కొలతలు, రవాణా కార్యాలయం చెప్పే బకాయి అందిన తర్వాత మళ్లీ రాయండి, రెండో దశకు ఎంత పెట్టవచ్చో చూద్దాం.