ఇల్లు కట్టిన మేస్త్రి దావాలో ఎక్స్‌పార్టీ డిక్రీ: ఈపీ నోటీసు వచ్చాకే తెలిస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇదీ: ఊళ్ళో మీ ఇల్లు కట్టిన మేస్త్రి బాకీ ఉందని దావా వేశాడు. సమన్లు మీకు అందలేదు. మీరు హాజరు కాలేదని కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం లేకుండానే ఇచ్చే తీర్పు) ఇచ్చేసింది. ఇప్పుడు జీతం అటాచ్ చేయమంటూ వేసిన ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే డిక్రీని అమలు చేయమనే పిటిషన్) నోటీసు హైదరాబాద్‌లో మీ చేతికొచ్చింది. పని సగంలో వదిలేసిన మనిషికి ఆ డబ్బు కట్టాల్సిందేనా అంటున్నారు.

ఇప్పుడే కట్టేయనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేసి దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. మా ఇంటి విషయంలో మేం చేసింది అదే. గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందనప్పుడు ఆ 30 రోజులూ డిక్రీ తేదీ నుంచి కాక, డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్కేస్తారు. కాబట్టి ఆ నోటీసు వచ్చిన కవరు పోస్టు ముద్రతో సహా దాచండి. మా లాయరు గారు దీనికి తోడు లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా వేశారు. రెండూ ఎందుకండీ అంటే, "ఎప్పుడు తెలిసిందన్న దాని మీద అవతలివాళ్ళు పేచీ పెడితే అప్పుడు వెతుక్కుంటామా?" అన్నారు.

ఈ పిటిషన్‌లో కోర్టు ముందుగా చూసేది మీరు వాయిదాకి ఎందుకు రాలేదన్నది. స్లాబు కారుతోందా, గోడలు బీటలిచ్చాయా అన్నది తర్వాతి మాట. చాలామంది అఫిడవిట్ నిండా మేస్త్రి మోసాలు రాయించి, సమన్ల గురించి రెండు ముక్కలతో సరిపెడతారు. జడ్జికి కావాల్సింది ఆ రెండు ముక్కలే.

అందుకే ముందు దావా ఫైలు చూడాలి. ప్లెయింటు (మేస్త్రి వేసిన దావా పత్రం), డిక్రీ, తిరిగొచ్చిన సమన్లు, వీటి సర్టిఫైడ్ కాపీలకి లాయరు ద్వారా అప్లికేషన్ పెట్టండి. మా కేసు బలమంతా సమన్ల కాగితం వెనకవైపే దొరికింది. "ఇంటికి తాళం వేసి ఉన్నందున తలుపునకు అంటించడమైనది" అని రాసి ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) సంతకం పెట్టాడు. ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో ఒక్క పేరూ లేదు. ఇంతకీ ఆ అడ్రసు ఏదనుకున్నారు? సగంలో ఆగిపోయిన మా కొత్త ఇల్లే! ఆ తేదీకి దానికి ద్వారబంధాలే తప్ప తలుపుల్లేవు. తలుపులు బిగించిన వడ్రంగి బిల్లు తర్వాతెప్పటిదో. దాన్ని జత చేశాం. అంతకన్నా గట్టిగా పనిచేసింది ఇంకోటుంది. దావాలో మా ఉద్యోగం ఎక్కడో ఎరగనట్టు రాసిన మనిషి, ఈపీకొచ్చేసరికి మా ఆఫీసు అడ్రసు ఫ్లోరు నంబరుతో సహా ఇచ్చాడు. జడ్జి గారు అవతలి లాయర్ని దాని మీదే అడిగిందే అడిగారు.

అయితే ఫైలు చూడకుండా సమన్లు అందలేదని ప్రమాణపూర్వకంగా రాసివ్వకండి. రిజిస్టర్డ్ పోస్టు తీసుకోవడానికి నిరాకరించారని కవరు మీద రాసి ఉంటే, అందినట్టే లెక్క వేస్తారు. సమన్లు ఇవ్వడంలో ఏదో లోపమున్నా, వాయిదా తేదీ మీకు తెలుసనీ, వచ్చే టైమూ ఉందనీ తేలితే ఆ లోపం ఒక్కటే పట్టుకుని డిక్రీ రద్దు చేయకూడదని అదే రూల్లో ఉంది. మేస్త్రి ఎప్పుడైనా వాట్సాప్‌లో దావా కాగితం పంపితే మీరు "చూద్దాంలే" అన్నారేమో పాత మెసేజీలు తిరగేయండి. అలాంటిదుంటే లాయరుకి ముందే చెప్పాలి.

పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు. స్టే విడిగా అడగాలి, ఈపీలో కూడా వకాలత్ వేసి వాయిదాలకి హాజరవ్వాలి. జీతం మొత్తం పోతుందని మాత్రం టెన్షన్ పడకండి. ఇలాంటి బాకీ డిక్రీలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. అయినా ఆఫీసుకి కోర్టు కాగితం వెళ్ళడం ఎవరికిష్టం?

రద్దు కూడా ఊరికే కాకపోవచ్చు. ఖర్చులు కట్టమనొచ్చు, డిక్రీ సొమ్ములో కొంత డిపాజిట్ చేయమనొచ్చు. మాకు మూడో వంతు పడింది. అది గడువులోగా కట్టకపోతే పడ్డ శ్రమంతా వృథా, కాబట్టి డబ్బు ముందే చూసుకోండి. పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 కింద పై కోర్టుకి వెళ్ళొచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీ మీద నేరుగా అప్పీలుకీ వీలుంది గానీ, ఆ అప్పీలు కొట్టేశాక ఇక రూల్ 13 పిటిషన్ నడవదు. సమన్ల దగ్గరే తేడా ఉన్నప్పుడు రూల్ 13 మేలని నా అభిప్రాయం. (ఇదంతా సివిల్ కోర్టు సంగతి. జిల్లా వినియోగదారుల కమిషన్ ఎక్స్‌పార్టీ ఆర్డర్ ఇస్తే దాన్ని ఆ కమిషనే రద్దు చేయలేదు. 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వేయాలి.)

డిక్రీ రద్దయితే దావా మళ్ళీ పాత నంబరుతోనే నడుస్తుంది. అప్పుడు రిటన్ స్టేట్‌మెంట్‌తో (దావాకి మీ రాతపూర్వక జవాబు) పాటు, అడ్వొకేట్ కమిషనర్‌ని (ఇల్లు స్వయంగా చూసి కోర్టుకి రిపోర్టు ఇచ్చే లాయర్ని) వేయమని ఆర్డర్ 26 రూల్ 9 కింద అడగండి. కమిషనర్ వచ్చి చూసేదాకా లీకేజీలకి మరమ్మతులు చేయించకండి. తప్పనిసరైతే ముందు వీడియో తీయండి. మా ఇంట్లో కమిషనర్‌తో వచ్చిన ఇంజినీరు టేపు పెట్టి కొలిస్తే, మేస్త్రి చూపించిన చదరపు అడుగుల్లో మెట్లు, సన్‌షేడ్లు రెండేసిసార్లు లెక్కకొచ్చాయని తేలింది. రిపోర్టు ఫైలయ్యాక లోక్ అదాలత్‌లో మాట్లాడుకుందామని అతనే కబురు పెట్టాడు, అక్కడే రాజీ అయింది.

మీ ఈపీ వాయిదా ఎప్పుడో రాయలేదు. ఈకోర్ట్స్ యాప్‌లో మీ పేరుతో గానీ, నోటీసు మీదున్న కేసు నంబరుతో గానీ వెతకండి. ఆ వాయిదా లోపలే లాయర్ని పెట్టుకుని కాపీల అప్లికేషన్ వేయించండి. సమన్ల కాగితం మీద ఏం రాసుందో ఇక్కడ పెడితే ఇంకాస్త చెప్పగలను.