కారు ముందు భాగంలో చప్పుడా? ఎప్పుడు వస్తోందో ముందు చెప్పండి

మిషిగన్‌లో మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు పడే మార్చి నెలలో, పాత కారు కొన్న మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: “అన్నా, ముందు చక్రాల దగ్గర ఏదో చప్పుడు. షాపువాళ్లు పెద్ద ఖర్చే అంటున్నారు, నిజమేనా?”

ఏ భాగం పోయిందో మీరు ఊహించనక్కరలేదు. చప్పుడు ఏ వేగంలో, ఏం చేస్తున్నప్పుడు వస్తోందో గమనించి మెకానిక్‌కు చెబితే చాలు. మీరే “బేరింగ్ పోయింది” అంటే బేరింగ్ మార్చేస్తారు, చప్పుడు అలాగే ఉండిపోతుంది.

గంటకు 55 నుంచి 70 మైళ్ల మధ్యే స్టీరింగ్ వణికితే మొదట టైర్ల బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉందో లేదో) చూపించండి. మంచు కొత్త అయినవారికి తట్టని కారణం మరొకటుంది. రిమ్ము లోపలి వైపు మంచు గడ్డకడితే చక్రం బరువు ఒక పక్కకు చేరి, నిన్నటిదాకా బాగున్న కారు ఇవాళ ఊగిపోతుంది. పైసా ఖర్చు పెట్టేముందు చక్రాల లోపలికి గట్టిగా నీళ్లు కొట్టించండి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే రోటర్లను, అంటే బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లేలను అనుమానించాలి.

వేగంతోపాటు పెరిగే తుమ్మెద రొద లాంటి హోరు చాలాసార్లు వీల్ బేరింగ్‌ది, అంటే చక్రం సాఫీగా తిరిగేలా చేసే భాగానిది. ఎడమ వైపు మలుపులో కారు బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా కుడి బేరింగే. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా ఇలాగే మోగుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్పించి చూస్తే తేడా తెలిసిపోతుంది. పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటోందా? అది చాలావరకు సీవీ జాయింట్, అంటే ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే ఇరుసు కీలు. చక్రం వెనక వంగి చూస్తే, దాని మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, గ్రీజు చిమ్మి ఉండడం తరచూ కనిపిస్తుంది.

నాకు భయం గుంతలో దిగినప్పుడు వచ్చే ‘ఠక్’ గురించే. అది చవకలో పోయే స్వేబార్ లింకు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే లింకు) కావచ్చు, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు, అంటే బాల్ జాయింట్ కూడా కావచ్చు. చెవితో ఆ రెంటినీ వేరు చేయలేం. బాల్ జాయింట్ ఊడితే నడుస్తున్న కారు చక్రం మడత పడిపోతుంది. జీతం వచ్చాక చూద్దామనుకోకండి. మెకానిక్ కారు జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూసేదాకా ఫ్రీవే ఎక్కవద్దు. టైర్లు మార్పించిన వెంటనే వణుకు మొదలైతే చక్రం నట్లు వదులై ఉండవచ్చు, అక్కడే పక్కకు ఆపండి. ఏ వణుకూ లేకపోయినా 50 నుంచి 100 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగింపించాలి.

రిపేరుకు ముందు ఖర్చు అంచనా రాతపూర్వకంగా తీసుకోండి. వదులైన భాగాన్ని ఊపి చూపించమనండి, మార్చిన పాత భాగం కావాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి. మొహమాటపడకండి, ఇక్కడ అందరూ అడుగుతారు. టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) మార్పిస్తే అదే రోజు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం కూడా చేయించండి. లేకపోతే మంచి టైర్లు కూడా ఒక అంచున త్వరగా అరిగిపోతాయి.