1882లో తెరిచిన గ్యాలరీలోకి 1884 నాటి చిలీ చిత్రాలు ఎలా వచ్చాయి?

దేశదేశాలు తిరిగి మొక్కలను చిత్రించిన బ్రిటిష్ చిత్రకారిణి మరియన్ నార్త్ గురించి మీరు రాసిన వ్యాసంలో తేదీలు పొసగకపోవడానికి కారణం, లండన్‌లోని క్యూ (Kew) ఉద్యానవనంలో ఆమె చిత్రాల గ్యాలరీ 1882లో తెరిచిన రోజుకే పూర్తయిందని మీరు భావించడమే. ఆమె ప్రయాణాలు అక్కడితో ఆగలేదు.

1. 1882 తర్వాతి వరుసను ఇలా మార్చండి: దక్షిణాఫ్రికా, సేషెల్స్, ఆపై అరౌకేరియా అనే సతతహరిత వృక్షాలను చిత్రించేందుకు 1884లో చిలీ. ఈలోగా 1883లో గ్యాలరీకి మరో గది చేరింది.

2. చాలామంది పొరపడేది ఇక్కడే. గోడ మీది చిత్రాలకున్న సంఖ్యలు వాటిని వేసిన క్రమాన్ని చెప్పవు. ఎనిమిది వందలకు పైగా చిత్రాలను గోడ కనబడనంత దగ్గరగా, కాలాన్ని బట్టి కాక ప్రాంతాన్ని బట్టి ఆమే అమర్చారు. చిలీ నుంచి వచ్చాక ఆ అమరికను మళ్లీ సవరించారు. కాబట్టి ముందు ఏ దేశపు చిత్రమో చూసి, ఆ దేశంలో ఆమె ఎప్పుడున్నారో ప్రయాణాల పట్టికతో సరిచూసిన తర్వాతే సంవత్సరం వేయండి. బ్రెజిల్ అయితే 1870ల తొలినాళ్లు, భారతదేశం అయితే 1877–79, ఆస్ట్రేలియా అయితే డార్విన్ సలహాపై వెళ్లిన 1880 ప్రయాణం.

3. ఆత్మకథకు మీరు వేసిన 1892 ప్రచురణ సంవత్సరం మాత్రమే. ఆమె 1890లోనే మరణించగా, చెల్లెలు దానిని పరిష్కరించి ప్రచురించారు. ఆమె చిత్రాల్లాగే ఆ రచన కూడా తీరిక లేని మనిషిదే, కనుక తేదీల కోసం దానినొక్కదాన్నే నమ్ముకోవద్దు.