పరాయి నేల మీద పరుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ పరాయి దేశాల్లో మారథాన్లు, ట్రయథ్లాన్లు (ఈత, సైకిల్, పరుగు వరసగా సాగే పోటీలు) చేస్తున్న పాఠకుల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో నలుగురికీ పనికివచ్చే ఆరింటిని కాస్త కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నేను చలి దేశంలో ఉంటూ నాలుగు నెలలు సాధన చేశాను. పోటీ మాత్రం ఎండ, ఉక్కపోత ఎక్కువగా ఉండే దేశంలో జరుగుతుంది. సెలవు ఆరు రోజులే దొరికింది. ఎన్ని రోజుల ముందు చేరుకోవాలి? నాలుగు గంటల్లోపు మారథాన్ పూర్తి చేయాలన్నది నా లక్ష్యం.

జవాబు: దొరికిన ఆరు రోజుల్లో ఐదింటిని పోటీకి ముందే ఖర్చు చేయండి. పోటీ అయ్యాక ఊరు చూసి రావచ్చునన్న ఆలోచనను ఈసారికి మానుకోండి. వేడికి ఒళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు కావాలి గానీ, ఆ మార్పులన్నీ ఒక్కసారిగా రావు. మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లో రక్తంలోని ప్లాస్మా, అంటే ద్రవ భాగం, పరిమాణం పెరుగుతుంది, దానితో అదే వేగానికి గుండె మునుపటి కంటే నెమ్మదిగా కొట్టుకుంటుంది. చెమట తొందరగా మొదలవడం, ఆ చెమటలో ఉప్పు తగ్గడం వంటివి స్థిరపడడానికి మరో వారం పడుతుంది. అంటే మీ ఐదు రోజుల్లో సగం లాభమైనా దక్కుతుంది. మిగిలిన సగాన్ని బయలుదేరక ముందే కొంత సంపాదించుకోవచ్చు. బ్రిటన్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు రోజులపాటు పరుగు ముగిసిన వెంటనే 40 డిగ్రీల వేడి నీటి తొట్టిలో 40 నిమిషాల వరకు కూర్చున్నవారు వేడిలో ఐదు కిలోమీటర్ల దూరాన్ని మునుపటి కంటే వేగంగా పరుగెత్తగలిగారు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. మిగిలినవారు కూడా ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే తొట్టిలోంచి లేచేటప్పుడు కళ్లు తిరగడం మామూలే.

ఇక మీ లక్ష్యం గురించి. నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. చలిలో సంపాదించిన ఆ వేగాన్ని ఉక్కపోతలో గడియారం చూసుకుంటూ నిలబెట్టుకోవాలనుకోవడమే ఇలాంటి ఒక పోటీలో నేను చేసిన తప్పు. మొదటి 15 కిలోమీటర్లు అనుకున్న వేగంతోనే వెళ్లాను, ఒళ్లు కూడా ఏ ఫిర్యాదూ చేయలేదు. 24వ కిలోమీటరు దగ్గర వేగం అదే ఉన్నా గుండె మాత్రం రోజూ కంటే నిమిషానికి పన్నెండు సార్లు ఎక్కువగా కొట్టుకుంటోంది. దాన్ని గడియారం లోపంగా కొట్టిపారేశాను. గాలిలో తేమ నిండి ఉండడం వల్ల చెమట ఆరక, చొక్కా మీదుగా కాళ్లకు జారి, బూట్లలో చేరి, అడుగు పడినప్పుడల్లా చిత్తడి నేల తొక్కినట్టు చప్పుడైంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, బూట్లలోకి కారిన చెమట వల్ల పోయేది నీరూ ఉప్పూ మాత్రమే. 31వ కిలోమీటరు నుంచి నడక తప్పలేదు. కాబట్టి మీరు మొదటి సగాన్ని వేగం చూసి కాక గుండె వేగం చూసి పరుగెత్తండి. దారిలో మంచు ముక్కలు దొరికితే టోపీలో వేసుకోండి, తడి స్పాంజి దొరికితే మెడ వెనక పిండుకోండి. నాలుగు గంటల లక్ష్యాన్ని చల్లని ఊరి పోటీకి దాచుకోండి.

ప్రశ్న: నీళ్లు అందించే ప్రతిచోటా ఆగి తాగమని అందరూ చెబుతారు. పోయినసారి అలాగే చేశాను. చివరికి వాంతులయ్యాయి, తల బరువెక్కింది, వేలి ఉంగరం ఊడి రాలేదు. బరువు చూసుకుంటే పోటీకి ముందు కంటే ఒక కిలో పెరిగి ఉన్నాను. నీళ్లు చాలలేదా?

జవాబు: నీళ్లు ఎక్కువయ్యాయి. ఐదారు గంటలు చెమటోడ్చిన మనిషి బరువు తగ్గి తేలాలే గానీ పెరగకూడదు. తాగిన నీటిని మూత్రపిండాలు ఆ వేళకు బయటికి పంపలేకపోవడం వల్ల రక్తంలోని సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే దాన్ని హైపోనెట్రీమియా అంటారు. బిగిసిన ఉంగరం, తలనొప్పి, వాంతి దాని గుర్తులే. ఇంకా ముదిరితే మెదడు వాచి, మూర్ఛ వచ్చి, ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించినప్పుడు 13 శాతం మందిలో ఈ లోపం కనిపించింది. పరుగులో బరువు పెరిగినవారిలోనూ, నాలుగు గంటలకు పైగా రోడ్డు మీద ఉన్నవారిలోనూ ఇది ఎక్కువగా తేలింది. మనబోటి నెమ్మది పరుగువారికి తాగే అవకాశాలు ఎక్కువ, కారే చెమట తక్కువ. ముందు వెళ్లేవారికి ఈ గొడవ అంతగా లేదు. దాహమైనప్పుడు తాగండి, కానప్పుడు ఆ బల్లను దాటి వెళ్లండి. ఉప్పు కలిపిన పానీయం తాగుతున్నాను కదా అన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే అందులో ఉప్పు కంటే నీరే చాలా ఎక్కువ. నొప్పి తెలియకుండా ఉండడానికి ఐబుప్రొఫెన్ మింగి బయలుదేరే అలవాటు ఉంటే వెంటనే మానండి, అది మూత్రపిండాల పనిని మరింత కష్టం చేస్తుంది. మీకు కనిపించిన లక్షణాలను తేలికగా తీసుకోకుండా, తర్వాతి పోటీకి పేరు ఇచ్చే ముందు వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: తూర్పు దిక్కుగా ఏడు గంటల కాలభేదం దాటి వెళ్తున్నాను. పోటీ నాలుగో రోజు ఉదయం ఏడింటికి. నిద్రమాత్ర వేసుకోవచ్చునా?

జవాబు: ఎన్నడూ వాడని మాత్రను పోటీ వారంలో మొదలుపెట్టవద్దు. పరాయి నేల మీద పరుగులో శక్తి కోసం మింగే కొత్త జెల్, కొత్త బూట్లు, కొత్త మాత్ర అన్నీ ఒకే లెక్క. మాత్ర కంటే మీకు వెలుతురు బాగా పనికివస్తుంది. మన లోపలి గడియారానికి రోజు 24 గంటల కంటే కొద్దిగా పొడవు. అందుకే ఆలస్యంగా పడుకోవడం, అంటే పడమటికి వెళ్లడం, తేలిక. తూర్పుకు వెళ్లినప్పుడు గంట కాలభేదానికి దాదాపు ఒక రోజు చొప్పున పడుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మామూలుగా నిద్ర లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అతి తక్కువకు దిగుతుంది. ఆ క్షణం దాటాక పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, దానికి ముందు పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. మీరు ఇంటి దగ్గర ఏడింటికి లేస్తారనుకుంటే ఆ క్షణం సుమారు నాలుగు, నాలుగున్నర. దిగిన దేశంలో అప్పుడు పగలు పదకొండు దాటి ఉంటుంది. అంటే మొదటి రోజు పొద్దున్నే హుషారుగా ఎండలో నడవడం మీకు ఎదురు తిరుగుతుంది. పదకొండు వరకు నల్లకళ్లద్దాలు పెట్టుకొని నీడలో ఉండి, ఆ తర్వాత సాయంత్రం దాకా వెలుతురులో తిరగండి. మర్నాడు ఆ హద్దును పదింటికి, ఆ మర్నాడు తొమ్మిదింటికి జరపండి. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి రోజుకో గంట ముందుగా పడుకోగలిగితే సగం భారం తగ్గుతుంది. పోటీ ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా బెంగపడవద్దు, అంతకు ముందు రెండు రాత్రులు సరిగా గడిస్తే చాలు.

ప్రశ్న: పోటీకి ముందు జలుబు చేస్తే అక్కడి మందుల దుకాణంలో ఏదైనా కొనుక్కోవచ్చా? మేము ఔత్సాహికులమే కదా, మమ్మల్ని ఎవరు పరీక్షిస్తారు?

జవాబు: పరీక్షించవచ్చు. వయసు వర్గాల్లో పోటీపడే ఔత్సాహికులను కూడా పరీక్షించే హక్కు పెద్ద పోటీల నియమాల్లో ఉంటుంది. ముక్కు దిబ్బడకు ఇచ్చే చాలా మందుల్లో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది. మూత్రంలో అది మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే పోటీలో నిషేధం వర్తిస్తుంది, కాబట్టి కనీసం 24 గంటల ముందే ఆపేయాలి. నొప్పి తగ్గించే ట్రమడాల్‌ను పోటీ సమయంలో వాడడం 2024 జనవరి 1 నుంచి నిషిద్ధం. డబ్బా మీద పేరు తెలియని లిపిలో ఉంటే కొనకండి. ఇక జ్వరం కూడా ఉందంటే మందు సంగతి అటుంచి పోటీనే వదులుకోండి.

ప్రశ్న: ట్రయథ్లాన్‌కు సొంత సైకిల్ తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా?

జవాబు: పెట్టెలో సర్దడం, మళ్లీ బిగించడం మీ చేతులతో మీరు రెండుసార్లయినా ఇంటి దగ్గర చేసి ఉంటే సొంతదే తీసుకెళ్లండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడిదానిలా తిప్పితే వదులవడానికి బదులు ఇంకా బిగుస్తుంది. ఒక తెల్లవారుజామున అలసిన కళ్లతో అలాగే తిప్పి తిప్పి, పానా జారి, చెయ్యి గొలుసుపళ్లకు తగిలి పడ్డ మచ్చ నా వేలి కణుపు మీద ఇప్పటికీ ఉంది. సీటు ఎత్తు ఎంతవరకో రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి. గాలి నింపే కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు చేరాక కొనుక్కోండి, లిథియం బ్యాటరీలను చేతిసంచిలో పెట్టుకోండి.

అద్దె సైకిల్ ఎక్కే ముందు బ్రేకులు చూసుకోండి. అమెరికాలోనూ ఐరోపాలోని చాలా దేశాల్లోనూ ముందు చక్రం బ్రేకు ఎడమ చేతి కింద ఉంటుంది, బ్రిటన్, జపాన్‌లలో కుడి చేతి కింద. కొండ దిగుతూ అలవాటు కొద్దీ గట్టిగా నొక్కితే, వెనక చక్రం అనుకున్నది ముందు చక్రమై మనిషిని హ్యాండిల్ మీదుగా విసిరేస్తుంది. ఖాళీ మైదానంలో అరగంట తిరిగి చేతులకు కొత్త పాఠం నేర్పించండి.

ప్రశ్న: వారానికి పది గంటలకు మించి సాధన కుదరదు. వయసు 47. ఐరన్‌మ్యాన్ దూరానికి అది చాలుతుందా? అందరికంటే చివర వస్తానేమోనన్న సిగ్గు కూడా ఉంది.

జవాబు: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు పూర్తి చేయడానికి, ఏడాది పాటు వారం తప్పకుండా సాగితే పది గంటలు చాలు. వేగంగా ముగించడానికి చాలవు. ఆ పదిలో ఎనిమిది, హాయిగా మాట్లాడుకోగలిగినంత నెమ్మదిగా గడవాలి. వారమంతా ఆఫీసులో నలిగి, ఆదివారం కసి తీర్చుకున్నట్టు సాధన చేసేవారే ఎక్కువగా గాయపడుతున్నారు.

2018 బోస్టన్ మారథాన్‌ను వానలో, ఎదురుగాలిలో 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచిన యూకీ కవౌచీ అప్పటికి జపాన్‌లోని సైతామాలో పూర్తికాల ప్రభుత్వోద్యోగి. అదే రోజు మహిళల్లో రెండో స్థానంలో వచ్చిన సారా సెల్లర్స్ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే నర్సు. వారి ప్రతిభ మనకు లేదు. అయినా ఉద్యోగాన్ని సాకుగా చెప్పే ముందు ఆ ఇద్దరినీ తలచుకోవలసి వస్తుంది.

చివర రావడం గురించి ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో 1921లో మొదలైన కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. గడువు ముగియగానే తుపాకీ పేల్చే వ్యక్తి, వస్తున్నవారి ముఖాలు చూడకుండా వీపు తిప్పి నిలబడతాడు. స్టేడియంలో జనం గొంతు చించుకొని అరిచేది గెలిచినవాడి కోసం కాదు, ఆ ఆఖరి నిమిషంలో కాళ్లీడుస్తూ వచ్చేవారి కోసం. మీ పోటీలో అలాంటి గడువు ఒక్కటి కాదు, మూడుంటాయి. సాధారణంగా ఈతకు 2 గంటల 20 నిమిషాలు, సైకిల్ ముగిసేసరికి పదిన్నర గంటలు, మొత్తం 17 గంటలు. కొన్ని చోట్ల దారి మధ్యలో కూడా గడువులుంటాయి. పేరు నమోదు చేసుకునే ముందే ఆ ఏటి నియమావళి తెరిచి, ఈ అంకెలను మీ సాధన వేగంతో పోల్చి చూసుకోండి. ఈత గడువుకు 20 నిమిషాలైనా మిగలకపోతే ఈ ఏడాది 1.9, 90, 21.1 కిలోమీటర్ల సగం దూరానికి పేరు ఇవ్వండి.