సర్టిఫికెట్ అమ్మాయిది, మరి లైసెన్స్ ఎవరిది?

ప్రశ్న: మాది నర్సంపేట. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో ర్యాంకు రాలేదు. రెండేళ్ల డీఎంఐటీలో, అంటే ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్ డిప్లొమాలో, చేర్పిద్దామనుకుంటున్నాం. మా బావమరిది బస్టాండ్ దగ్గర రెండు మడిగెలు కిరాయికి తీసుకుని ఎక్స్‌రే, స్కానింగ్ సెంటర్ పెడతానంటున్నాడు. "ముందు సెకండ్ హ్యాండ్ మిషన్‌తో మొదలుపెడదాం, కోర్సు అయిపోగానే లైసెన్స్ అమ్మాయి పేరు మీద తీద్దాం" అంటున్నాడు. ఇది కుదురుతుందా? ఆడపిల్లకు రేడియేషన్ పని ఎందుకని మా ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు: కోర్సు మంచిదే. మీ బావమరిది ప్లానే తలకిందులుగా ఉంది.

బండికి ఆర్‌సీ వేరు, నడిపేవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ వేరు కదా. ఇక్కడా అంతే. ఎక్స్‌రే మిషన్‌కు అనుమతి ఇచ్చేది ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అంటారు. 1983 నుంచి పనిచేస్తోంది. ఆ అనుమతి మిషన్ పెట్టిన సంస్థకు, దాని యజమానికి వస్తుంది. అంటే మీ బావమరిదికి. అమ్మాయి డిప్లొమా, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఆమె చేతి డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి. అర్హత ఉన్న టెక్నీషియన్ లేకపోతే సెంటర్‌కు అనుమతి రాదు. అలాగని ఆమె డిప్లొమాయే సెంటర్ లైసెన్స్ అయిపోదు.

దరఖాస్తంతా ఈలోరా అనే పోర్టల్‌లోనే. ముందు సంస్థ పేరు నమోదు చేసుకోవాలి. తర్వాత ఏఈఆర్‌బీ టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ సురక్షితమని ఇచ్చే ఆమోదం, ఉన్న మోడల్‌నే కొనాలి. బిగించాక మిషన్ సరిగ్గా పనిచేస్తోందో చూసే క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) పరీక్ష చేయించి, ఆ రిపోర్టు, పనిచేసేవాళ్ల వివరాలు పెట్టాలి. మామూలు ఎక్స్‌రేకు ఇచ్చేదాన్ని రిజిస్ట్రేషన్ అంటారు, సీటీ స్కాన్‌కు, గుండె రక్తనాళాల పరీక్షలు చేసే క్యాథ్ ల్యాబ్‌కు ఇచ్చేదాన్ని లైసెన్స్ అంటారు. రెండూ ఐదేళ్లకే, తర్వాత రెన్యువల్. మధ్యలో రెండేళ్లకోసారి క్యూఏ మళ్లీ చేయించాలి. ఇదంతా మొదటి పేషెంటుకు ఎక్స్‌రే తీయకముందే పూర్తవ్వాలి. "ముందు మొదలుపెడదాం, కాగితాలు తర్వాత" అనే మాట ఇక్కడ చెల్లదు. సెకండ్ హ్యాండ్ మిషన్ తప్పని కాదు. కానీ అమ్మేవాళ్ల దగ్గర దాని కాగితాలన్నీ ఉన్నాయా, వాళ్ల పేరు మీది నమోదు తీయించారా అని చూడకుండా చౌకగా వస్తోందని తెస్తే, అది షట్టర్ వెనక మూలన పడి ఉంటుంది.

ఇక మడిగెల సంగతి. ఇదే అసలు చిక్కు. కిరాయి మడిగెల మధ్య గోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే ఉంటుంది. ఎక్స్‌రే కిరణం నేరుగా పడే గోడ, అంటే ఛాతీ ఎక్స్‌రేకు పేషెంటును నిలబెట్టే స్టాండు వెనక గోడ, 35 సెంటీమీటర్ల ఇటుక గోడ ఉండాలి. మేస్త్రీ లెక్కలో పద్నాలుగు అంగుళాలు. చెదిరిన కిరణాలు మాత్రమే తగిలే గోడలకు 23 సెంటీమీటర్లు, అంటే మామూలు తొమ్మిది అంగుళాల గోడ చాలు. తలుపుకు సీసం రేకు వేయించాలి. పక్క మడిగెలో ఓ టైలర్ పొద్దంతా ఆ గోడకే వీపు ఆనించి కుట్టుకుంటున్నాడనుకోండి, ఈ లెక్కలు ఎవరి కోసమో అర్థమవుతుంది.

స్కానింగ్ అంటే అల్ట్రాసౌండ్ అయితే అది వేరే దారి. అందులో ఎక్స్‌రే ఉండదు కాబట్టి ఏఈఆర్‌బీకి సంబంధం లేదు. కానీ కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ఉంది. జిల్లా అధికారుల దగ్గర సెంటర్ రిజిస్టర్ కాకపోతే కంపెనీవాళ్లు మిషన్ అమ్మడానికి కూడా వీల్లేదు. చేసే ప్రతి గర్భిణి స్కాన్‌కు ఫారం ఎఫ్ నింపాలి. ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం, పట్టుకోవాల్సింది అర్హత ఉన్న డాక్టరే. "డాక్టర్ సాయంత్రం వస్తాడు, అప్పటిదాకా నువ్వు చూడమ్మా" అని మేనమామే అన్నా సరే, అమ్మాయి చేయకూడదు. కేసు అయితే బంధుత్వం అడ్డురాదు.

ఇంట్లోవాళ్ల భయం గురించి. మిషన్ స్విచ్ నొక్కిన ఆ క్షణమే ఎక్స్‌రే వస్తుంది, నొక్కనప్పుడు గదిలో ఏమీ ఉండదు. ట్యూబ్ నుంచి దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. కంట్రోల్ ప్యానెల్ దగ్గర షీల్డు వెనక నిలబడి, పేషెంటును తానే పట్టుకోకుండా పనిచేసే టెక్నీషియన్‌కు అందే డోసు చాలా తక్కువ. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. రేపు పెళ్లై కడుపుతో ఉంటే యజమానికి చెప్పాలి. అప్పటి నుంచి బిడ్డకు బయటి జనానికి పెట్టిన పరిమితే, అంటే 1 మిల్లీసీవర్టే. దానికి తగ్గట్టు పని మార్చడం యజమాని బాధ్యత.

ఎంత తగిలిందో తెలిపేది టీఎల్‌డీ బ్యాడ్జి. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. లోపలి కార్డులో మూడు చిన్న బిళ్లలు. వాటిని ల్యాబ్‌లో వేడి చేస్తే తగిలిన రేడియేషన్‌ను బట్టి వెలుగుతాయి. ఛాతీ మీద, లెడ్ ఆప్రాన్ లోపల పెట్టుకోవాలి, మూడు నెలలకోసారి మార్చాలి. నేను హనుమకొండలో ఓ సెంటర్‌ను చూపించడానికి విద్యార్థుల్ని తీసుకెళ్లాను, పేరెందుకు గానీ. ముగ్గురి బ్యాడ్జిలు టేబుల్ సొరుగులో కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. రేడియేషన్ లేని చోట ఉంచాల్సిన కంట్రోల్ బ్యాడ్జి మాత్రం ఎక్స్‌రే గదిలోనే మేకుకు వేలాడుతోంది. దాని రీడింగునే అందరి లెక్క నుంచి తీసేస్తారు. అంటే అక్కడ ఎవరికెంత తగిలిందో దేవుడికే తెలియాలి. అమ్మాయి ఎక్కడ ఉద్యోగంలో చేరినా మొదటిరోజే "నా బ్యాడ్జి ఏది" అని అడగాలి. ఆ బ్యాడ్జి నంబరు ఆమెకు జీవితాంతం ఒకటే. మానేసేటప్పుడు డోసు రికార్డు చేతికి తీసుకోవాలి, ఆ సంస్థ జాబితా నుంచి పేరు తీయించుకోవాలి.

ఎందుకంటే మన దగ్గర ఇంకో అలవాటుంది. "నువ్వు రావక్కర్లేదు, సర్టిఫికెట్ ఇయ్యి, నెలకింత ఇస్తాం" అంటారు. లోపల ఎక్స్‌రే తీసేది ఏ కోర్సూ చేయని కుర్రాడు, కాగితం మీద పేరు మీ అమ్మాయిది. మేనమామ సెంటరైనా సరే, ఈ పద్ధతికి ఒప్పుకోకండి.

కాలేజీ విషయం క్లుప్తంగా చెబుతాను. బోర్డు గుర్తింపు ఉందో లేదో చూడండి, ప్రాక్టికల్స్‌కు పంపే ఆసుపత్రిలో సీటీ ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల కరపత్రాల జోలికి పోకండి. స్థోమత ఉంటే బీఎస్సీ ఇమేజింగ్ వైపే నేను మొగ్గుతాను. సీటీ, క్యాథ్ ల్యాబ్ ఉన్న సంస్థల్లో రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, అంటే ఆర్‌ఎస్‌ఓ ఉండాలి. అర్హత, అనుభవం ఉన్న టెక్నాలజిస్టు ఏఈఆర్‌బీ సర్టిఫికేషన్ తెచ్చుకుంటే ఆ బాధ్యత తీసుకోవచ్చు. మీరు అడిగిన ఈ లైసెన్సు కాగితాలు చూసుకోవడం కూడా వాళ్ల పనిలో భాగమే.

కోర్సు అయ్యాక రెండేళ్లు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద ఆసుపత్రిలోనో, సీటీ ఉన్న ప్రైవేటు చోటో పనిచేయనివ్వండి. మామ సెంటర్ ఎక్కడికీ పోదు. ఆయన మడిగెలకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే, ఈ ఆదివారం ఓ టేపు పట్టుకుని ఆ మధ్య గోడ మందం కొలవమనండి.