బెదిరింపు ఫోన్లు వస్తున్న గ్రామీణ విలేకరి ప్రశ్నకు సమాధానం

ఇసుక అక్రమ రవాణాపై వార్త రాసినప్పటి నుంచి చంపుతామంటూ రాత్రిళ్లు అపరిచిత నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయని, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదని రాశారు. దయచేసి దీన్ని ఉత్త బెదిరింపుగా కొట్టిపారేయకండి. రోడ్డు పనుల్లో అవినీతిని బయటపెట్టిన ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న కనిపించకుండాపోగా, 3న ఆయన మృతదేహం ఆ పనుల కాంట్రాక్టర్‌కు చెందిన స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది.

భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీస్తామని బెదిరిస్తే ఏడేళ్ల వరకు, పేరు దాచి బెదిరిస్తే దానికి అదనంగా రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు కనుక, ఆ సెక్షన్‌ను పేర్కొంటూ ఫిర్యాదును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు భద్రపరచండి. అప్పటికీ కదలిక లేకపోతే న్యాయవాది ద్వారా మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. కాల్ లాగ్‌లో ఒక్క నంబరూ చెరపకండి. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగానే నోట్‌బుక్‌లో రాసి, దాని ఫొటోను అదే రాత్రి మీ డెస్క్ ఇన్‌చార్జికి పంపండి.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది, మీరు ఇప్పటికీ ఇసుక రేవుకు బైక్‌పై ఒంటరిగా వెళ్లడం. మాట్లాడుకుందాం రమ్మని ఎవరు పిలిచినా, వారు బంధువులే అయినా, ఒంటరిగా వెళ్లకండి.